చిన్న బండి రెండయ్యే జంక్షన్

మా కాలనీ పిల్లలు కొందరికి ఈమధ్య స్టేషన్ మాస్టర్ ఉద్యోగాలొచ్చాయి. శిక్షణకు వెళ్ళేముందు మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికొస్తున్నారు. "ఆంటీ, సచ్చీ చెప్పండి, ఈ నౌకరీ ఎలా ఉంటది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పే ఓపిక నాకు లేదు. నేను మొదలుపెడితే టీ చల్లారిపోతుంది, వాళ్ళమ్మల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందుకని రాస్తున్నాను. ఓపికుంటే చదవండి, లేకపోతే మిఠాయి మాత్రం ఇచ్చి వెళ్ళండి.

జీతం, ప్రమోషను, బదిలీ సంగతులు నన్నడక్కండి. వాటి గురించి మాట్లాడేవాళ్ళు రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ప్రతి అరుగు మీదా ఉన్నారు. సిగ్నళ్ళూ నిబంధనలూ శిక్షణలో నేర్పుతారు, బాగానే నేర్పుతారు. వాళ్ళు నేర్పనిది ఒకటుంది. బండిని పంపడం చాలా తేలిక. బండిలో ఉన్నవాళ్ళను పంపడం కష్టం. నాకు అది ఒక చిన్న జంక్షన్లో తెలిసింది.

కోళ్ళగూడు

రాయ్‌పూర్ నుంచి దక్షిణంగా ఒక చిన్న బండి నడిచేది. చిన్నదంటే నిజంగానే చిన్నది. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు మన మోకాళ్ళకు తగిలేవి. తెలీబంధా దాటి, పొలాల్లోకి దిగి, కుదుపుకుంటూ మా జంక్షన్ చేరేది. అక్కడ లైను రెండుగా చీలేది. ఒకటి కురుద్ మీదుగా ధమ్తరీకి, రెండోది మహానది ఒడ్డునున్న రాజింకి. మా జంక్షన్ పేరు రాయను. ఆ లైను తెలిసినవాళ్ళకు ఎలాగూ తెలుసు, తెలియనివాళ్ళకు పేరుతో పనిలేదు.

అంతకుముందు నేను తిల్దాలో ఉండేదాన్ని. రైస్ మిల్లుల ఊరు, పెద్ద లైను, ఊపిరాడకుండా గూడ్సు బండ్లు. అక్కణ్ణుంచి ఇక్కడికి వేసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. కొత్త రాష్ట్రం ఏర్పడి ఎక్కువ రోజులు కాలేదు, రాజధాని అయిన రాయ్‌పూర్లో అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు, నన్ను మాత్రం బొమ్మ రైలు దగ్గరికి తోశారు. మా ఆయన స్టేషన్ చూడ్డానికొచ్చి, "ఇదేంటే, కోళ్ళగూడులా ఉంది" అన్నాడు. ఆయన మీద కోపమొచ్చింది కానీ మాట అబద్ధం కాదు. పెంకుల కప్పు కింద రెండు గదులు, ఒక చేతిపంపు, పక్కన ఇంజను నిలబడే రేకుల షెడ్డు. అంతే.

ఆ లైన్లో చాలా గేట్లకు కాపలావాళ్ళు లేరు. గేటువాడు బండిలోనే ప్రయాణం చేసేవాడు. రోడ్డు వచ్చేముందు బండి ఆగుతుంది. అతను దిగి గేటు వేస్తాడు. బండి దాటి మళ్ళీ ఆగుతుంది. అతను గేటు తీసి, నింపాదిగా నడిచొచ్చి ఎక్కుతాడు. మా గేటువాడి పేరు బిసాహు. ఛత్తీస్‌గఢీ మనిషి. జంక్షన్ పక్కనే క్వార్టర్లో భార్యతో ఉండేవాడు. "అన్నిసార్లు దిగి ఎక్కడం విసుగ్గా ఉండదా?" అని అడిగితే, "మీరు కుర్చీలో కూర్చుని లావెక్కుతున్నారు, నేను చూడండి" అన్నాడు. నేను చేరిన వారంలోనే నాతో అలా మాట్లాడగలిగాడు. అదీ నిజమే.

ఇక అసలు విషయం. రాయ్‌పూర్ నుంచి వచ్చిన బండిని మా జంక్షన్లో రెండు ముక్కలు చేసేవాళ్ళం. ముందు డబ్బాలు వచ్చిన ఇంజనుతోనే ధమ్తరీ వెళ్ళిపోయేవి. మా షెడ్డులో ఉన్న రెండో ఇంజను వచ్చి వెనక డబ్బాలను రాజిం తీసుకెళ్ళేది. అంటే రాయ్‌పూర్లో ఎక్కడ ఎక్కినా పర్వాలేదు, మా దగ్గర మాత్రం ఎవరి సగంలోకి వాళ్ళు మారాలి. మారకపోతే ఇక చెప్పేదేముంది.

గొంతు

మొదటి రోజుల్లో నేను మైకులో శుభ్రమైన హిందీలో ప్రకటించేదాన్ని. బళ్ళో నేర్చుకున్న హిందీ. నా ఉచ్చారణ చూసుకుని నేనే మురిసిపోయేదాన్ని. జనం మాత్రం వేరుశెనక్కాయలు వలుచుకుంటూ కదిలేవాళ్ళు కాదు. బండి విడిపోయాక గొల్లుమనేవాళ్ళు.

సెక్షన్ అంతటికీ పెద్ద మా ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్. అందరం టీఐ గారనేవాళ్ళం. ముక్కు మీద కోపం. ఒకరోజు తనిఖీకొచ్చి, నా ప్రకటన విని, గదిలోకి వచ్చి మైకు తీగ పీకేశాడు. "వార్తలు చదువుతున్నారా? బయటికెళ్ళండి. కిటికీ కిటికీకీ వెళ్ళి అరవండి. వాళ్ళ మాటలో అరవండి" అన్నాడు. బిసాహు నేర్పాడు. నేను ప్లాట్‌ఫారం మీద నడుస్తూ గొంతు చించుకున్నాను: "రాజిం జవయ్యా మన్ పాఛూ డబ్బా మా బైఠో! ధమ్తరీ వాలే ఆఘూ!" రాజిం వాళ్ళు వెనక్కి, ధమ్తరీ వాళ్ళు ముందుకి. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఒకావిడ, "ఈ మేడమ్ మనమ్మాయే" అంది. గుంటూరు జిల్లా నుంచి నర్సు ఉద్యోగానికి ఇక్కడికొచ్చిన మా అమ్మ ఆ మాట వినుంటే ఏమనేదో! నాకు మాత్రం సంతోషమేసింది.

ఆ టీఐ గారిని మేమంతా తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు చెబుతున్నాను, నా సర్వీసులో నాకు దొరికిన మంచి అధికారి ఆయనే. నవ్వుతూ పలకరించి మన పని పట్టించుకోని అధికారులు చాలామంది తగులుతారు మీకు. తీగ పీకేవాడు తగిలితే అదృష్టమనుకోండి.

సగాలు తప్పినవాళ్ళు

ఎంత అరిచినా తప్పేవాళ్ళు తప్పుతూనే ఉండేవాళ్ళు. నిద్రపోయినవాళ్ళు, పేకాటలో మునిగినవాళ్ళు, పోట్లాడుకుంటున్న మొగుడూపెళ్ళాలు. ఒకసారి కొత్త పెళ్ళికొడుకు టీ తాగడానికి దిగి, స్నేహితులతో కబుర్లాడుతూ రాజిం సగంలో ఎక్కాడు. పెళ్ళికూతురు ముసుగు కింద బుద్ధిగా కూర్చుని ధమ్తరీ వెళ్ళిపోయింది. తిరుగు బండిలో ఆ పిల్ల దిగినప్పుడు, అప్పటికే రాజిం నుంచి తిరిగొచ్చిన పెళ్ళికొడుకు ఎదురెళ్ళి నవ్వాడు. ఆ పిల్ల ముసుగు తీసి మొత్తం ప్లాట్‌ఫారం వినేలా కడిగేసింది. అలా తిట్టగలిగిన అమ్మాయి సుఖంగానే కాపురం చేసుంటుందని నా నమ్మకం.

ఇలాంటివాళ్ళ కోసం మా జంక్షన్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు, నేను వచ్చేటప్పటికే ఉంది. తప్పు సగం ఎక్కినవాళ్ళను అవతలి స్టేషన్ వాళ్ళు ఏమీ అడక్కుండా తిరుగు బండిలో కూర్చోబెట్టి మా దగ్గరికి పంపేవాళ్ళు. ఈ లోపల ఇక్కడ మిగిలిపోయిన సగం కుటుంబానికి బిసాహు భార్య తిండి పెట్టేది. ఎక్కువగా చద్దన్నమే, వాళ్ళు బాసీ అంటారు, పక్కన ఉల్లిపాయ, టమాటా పచ్చడి. ఏడుస్తున్నవాళ్ళు కూడా అది తినేసరికి కొంచెం తేరుకునేవాళ్ళు. నిబంధనల్లో ఇదెక్కడా లేదు. టీఐ గారికి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు.

లైను పోయింది

ఇప్పుడు ఆ జంక్షన్ లేదు. ముందు నగరంలో పట్టాలు తీసేశారు. తెలీబంధా దగ్గర పట్టాలున్న చోట పెద్ద రోడ్డొచ్చింది. బండి కొన్నాళ్ళు ఊరి బయట నుంచే నడిచింది. పిల్లలు దాని పక్కన సైకిళ్ళతో పందెం వేసి గెలిచేవాళ్ళు. తర్వాత అదీ ఆగింది. పెద్ద లైను వేశారు, మంచిదే. టాటీబంధ్ కూడలిలో లారీల మధ్య ఇరుక్కుపోయినప్పుడల్లా రైలుండాలనే అనుకుంటాను నేను. చిన్న బండి పోయిందని కవిత్వం రాసేవాళ్ళు ఎండాకాలంలో ఒక్కసారి దాన్లో ధమ్తరీ దాకా వెళ్ళుంటే అంత రాసేవాళ్ళు కాదు. అయినా నాకు బెంగగానే ఉంది. దాచడమెందుకు?

ఆ బెంగంతా కూడగడితే ఒక్క ముసలాయన దగ్గరికి చేరుతుంది. ఆయన పేరు ధనీరామ్. ఆయన సంగతి చెప్పి ముగిస్తాను.

ధనీరామ్ భార్య

ఉదయం బండిలో వచ్చారు వాళ్ళు. ధనీరామ్, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, పిల్లలు. మగవాళ్ళ తలలు గొరిగి ఉన్నాయి. ధనీరామ్ భార్య పోయింది. ఆమె అస్థికలు రాజింలో నదిలో కలపడానికి వెళ్తున్నారు. ఎర్రగుడ్డలో కట్టిన చిన్న కుండ. దాన్ని నేల మీద పెట్టకూడదు. చితికి నిప్పు పెట్టిన పెద్దకొడుకు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. వాళ్ళ ఇంటి పద్ధతి అది.

వాళ్ళు ముందు డబ్బాలో కూర్చున్నారు. పెద్దకొడుకు మూటను కిటికీ పక్క కొక్కేనికి తగిలించాడు. నేను అరుచుకుంటూ వచ్చేసరికి కంగారుగా లేచారు. ముసలాయనకు మోకాళ్ళ నొప్పులు. పెద్దకొడుకు తండ్రిని పట్టుకుని దించి, వెనక డబ్బాలో కూర్చోబెట్టాడు, ఇక మూట కోసం వెళ్దామనుకున్నాడు. ఈ లోపల తమ్ముడు సామానంతా మోసుకొచ్చేశాడు. అంతా వచ్చేసింది కదా అని అన్న కూర్చున్నాడు. తమ్ముడు మూటను తేలేదు. అన్న తప్ప ఎవరూ ముట్టుకోకూడదు కాబట్టి కోడళ్ళూ తేలేదు. ధమ్తరీ సగం కదిలి వెళ్ళిపోయింది.

అప్పుడు ముసలాయన అడిగాడు: "తోర్ దాయీ కహా హే?"

మీ అమ్మేదిరా అని. ఆ కేక నాకు గదిలోకి వినబడింది. నేను బయటికొచ్చేసరికి పెద్దకొడుకు పట్టాల మీద పరుగెత్తుతున్నాడు. ముసలాయన కిందికి దిగి, ప్లాట్‌ఫారం మీద కూలబడి, "ఓ హ కభూ అకేల్లా నఇ గే రిహిస్" అంటున్నాడు. ఆమె ఎప్పుడూ ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళలేదని. అదే మాట మళ్ళీ మళ్ళీ. రాజిం బండిని ఆపి ఉంచడం కుదరదు, అందులో ఇంకా జనం ఉన్నారు. ధనీరామ్ వాళ్ళను దించేసి దాన్ని పంపేశాను. బస్సులో ధమ్తరీ వెళ్తానన్నాడు పెద్దకొడుకు. ఆ బస్సు వచ్చి నిన్ను అక్కడ దించేలోగా బండే తిరిగొస్తుంది, కూర్చోమన్నాను.

కురుద్ స్టేషన్‌కు ఫోన్ చేశాను. బండి వచ్చాక గార్డు అప్పారావు గారు లైన్లోకొచ్చారు. విజయనగరం మనిషి, మా కాలనీయే.

"అప్పారావు గారూ, మూడో డబ్బాలో ఎర్రమూట ఉందా?"

"ఉంది మేడమ్. ఏటది? కొక్కేనికి ఊగిపోతంది. జనం ఆ చివరికీ ఈ చివరికీ సర్దుకుపోనారు. ఒక్కలూ దగ్గరకి రావట్లేదు."

చెప్పాను.

"ముట్టుకుంటే మైల గదా మేడమ్. ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టేస్తది."

"నిలబెట్టి నాలుగు చెంబులు నీళ్ళు పోస్తుంది. అంతే కదా! అది గోడకు కొట్టుకుని పగిలితే ఈ ముసలాయన ఇక్కడే చచ్చిపోయేటట్టున్నాడు."

"పగలనిస్తానా మేడమ్? మీరలాగ అనీకండి" అన్నారాయన.

నేను ఫోన్ పెట్టేసి, మూట దొరికింది, కురుద్‌లో ఉంది అని చెప్పాను. ముసలాయన ఏడుపు ఆగిపోయింది. "కురుద్ హబర్ గే?" అన్నాడు. కురుద్ చేరిందా? నేను అవునన్నాను.

ఈ లోపల టీఐ గారి ఫోన్. ఆయన ఆ రోజు ధమ్తరీలోనే ఉన్నాడు, సంగతి అప్పుడే ఆయన చెవిన పడింది. "పోగొట్టుకున్న సామాను ఇక్కడ జమ చేయించాలి. వాళ్ళు ఋజువులతో వచ్చి తీసుకోవాలి. నిబంధన తెలుసా?" అన్నాడు.

"తెలుసు సార్. కానీ అది సామాను కాదు. మనిషి."

"మనిషా?"

"ఆయన భార్య సార్."

ఆయన దగ్గి, "అయితే తప్పు సగం ఎక్కిన ప్యాసింజర్ అన్నమాట. మీ దగ్గర అలాంటివాళ్ళకు ఏం చేస్తారో అదే చేయండి. నన్నెందుకు అడుగుతారు?" అని ఫోన్ పెట్టేశాడు. ఆయనే కదా ఫోన్ చేసింది! అయినా ఆయన మీద ఆ రోజు నుంచి నాకు తరగని గౌరవం.

మధ్యాహ్నం బిసాహు భార్య అందరికీ బాసీ తెచ్చింది. ధనీరామ్ ముట్టలేదు. ఆమె ఆయన పక్కనే నేల మీద కూర్చుని, "మీ కోడళ్ళు మీకోసం ఆగుతున్నారు బాబా, వాళ్ళ పిల్లలు ఆకలితో ఉన్నారు" అంది. అప్పుడు రెండు ముద్దలు తిన్నాడు. తిన్నాక నాతో మాట్లాడాడు.

కురుద్ ఆయన భార్య పుట్టిల్లు. ఈ పక్కన తీజా పండగకు అన్నదమ్ములు వచ్చి ఆడపడుచును పుట్టింటికి తీసుకెళ్తారు. ఎంత బీదవాళ్ళయినా తీసుకెళ్తారు. ఎప్పుడో వాళ్ళింట్లో ఒక పెళ్ళిలో ఈయన్ని భోజనానికి సరిగ్గా పిలవలేదట. అంతే. ఆ తర్వాత తీజాకు బావమరుదులు వస్తే గుమ్మంలోంచే పంపేశాడు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ పంపేశాడు. చివరికి వాళ్ళు రావడం మానేశారు. ఆమె ఒక్క మాట అనేది కాదట. పండగ రోజు ఉపవాసం ఉండి, ఇల్లు అలుక్కుని, దారి వైపు చూస్తూ కూర్చునేదట. "నేను చూసేవాణ్ణి మేడమ్. చూసి పొలానికి పోయేవాణ్ణి" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. ఒక పూట భోజనం గురించి ఒక మనిషికి అన్నేళ్ళ శిక్షా? ఆ కోపం నా మొహంలో కనిపించే ఉంటుంది. ఆయన తల దించుకున్నాడు.

తిరుగు బండి వచ్చింది. గార్డు పెట్టెలోంచి అప్పారావు గారు దిగలేదు. మూడో డబ్బాలోంచి దిగారు, రెండు చేతులతో మూటను పొదివి పట్టుకుని. వెనక బిసాహు. వాళ్ళ వెనక డబ్బాలో సగం మంది.

"ధమ్తరీ కాడ్నుంచి కిటికీ సీటిచ్చినాం మేడమ్" అన్నారు అప్పారావు గారు. "పోయీటప్పుడు బిసాహు ఒళ్ళో ఎట్టుకున్నాడు. గేటు దగ్గర దిగాల గదా, ఎవరికియ్యాల? కురుద్‌లో ఎక్కిన ముసలమ్మ చేతులు చాపింది. ఆవిడ పట్టుకున్నాక ఇంకేటుంది, అందరూ నాకివ్వండి నాకివ్వండి అనీవోలే. ఒక్క గేటు కాడ కూడా కింద ఎట్టనేదు."

పెద్దకొడుకు స్నానం చేసి తడిబట్టలతో వచ్చి చేతులు చాపాడు. ధనీరామ్ అతన్ని పక్కకు జరిపి, తనే తీసుకున్నాడు. "దదా, నువ్వు ముట్టుకోకూడదు" అన్నాడు కొడుకు. "రైలంతా ముట్టుకుంది. నాకు లేదా?" అన్నాడు ముసలాయన. మూటను గుండెకు ఆనించుకుని బల్ల మీద కూర్చున్నాడు.

సాయంత్రం బండి వచ్చింది. ఎప్పటిలాగే రెండు ముక్కలు చేశాం. నేను అరుచుకుంటూ నడిచాను. పొద్దున్న చేసిన పొరపాటు మళ్ళీ జరగకూడదని కొడుకులు ముందే వెనక డబ్బా పట్టుకున్నారు. సామాను ఎక్కించారు, పిల్లల్ని లెక్కపెట్టుకున్నారు. రాజింలో పంతులు పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాడని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. తండ్రి కోసం తిరిగి చూస్తే బల్ల ఖాళీ.

ధనీరామ్ మోకాళ్ళ మీద చేయి వేసుకుంటూ, ఒక్కడే, ముందు డబ్బా మెట్లు ఎక్కుతున్నాడు.

పెద్దకొడుకు పరుగెత్తాడు. "దదా! ఏ హ ధమ్తరీ జాహీ! ఉతర్!" ఇది ధమ్తరీ వెళ్తుంది, దిగు.

ముసలాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. మూటను ఒళ్ళో పెట్టుకుని, ఎర్రగుడ్డ ముడి కిటికీ వైపు ఉండేలా తిప్పాడు.

"జానథవ్" అన్నాడు. నాకు తెలుసు అని.

కొడుకు నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "మేడమ్, పంతులు ఆగడు. దింపండి. కురుద్‌లో మామయ్యల ఇంటికి మేం ఎప్పుడూ వెళ్ళలేదు."

ఒంటి లైన్లో ఒక పద్ధతి ఉంది. టోకెన్ అనే ఇనుప బంతిని తోలుసంచిలో పెట్టి స్టేషన్ మాస్టర్ డ్రైవర్‌కు ఇస్తేనే బండి కదలాలి. ఆ సంచి నా చేతిలో ఉంది. డ్రైవర్ కిందికి వంగి చేయి చాపి, టైమైందన్నట్టు చూస్తున్నాడు. నేను పెద్దకొడుకుతో, "నది ఎక్కడికీ పోదు బాబూ. మీ అమ్మ ఊరెళ్తోంది, కూడా వెళ్ళండి" అన్నాను. అతను అక్కడే నిలబడిపోయాడు. తండ్రిని చూశాడు, మూటను చూశాడు. తర్వాత వెనక డబ్బా వైపు తిరిగి, అందర్నీ దిగమని కేకేశాడు.

కోడళ్ళు బుట్టలూ పిల్లలూ చెప్పులూ చేతపట్టుకుని ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుకొచ్చి, చివరి పిల్ల ముందు డబ్బాలో ఎక్కేదాకా, టోకెన్ నా చేతిలోనే ఉంచుకున్నాను.